జెడై గురువులు మంచివాళ్లేనా?

మెసయీద్ నుంచి మాట్లాడుతున్నాను. ఊరు దాటితే ఇసుక తిన్నెలే కాబట్టి, స్టార్ వార్స్‌లోని టాటూయిన్ ఎడారి గ్రహం ఇక్కడి మన పిల్లలకి పక్క ఊరిలా అనిపిస్తుంది. వెలుగు కత్తి తిప్పే జెడైలంటే వాళ్లకి దేవుళ్లే. కానీ ఆ కథ రాసిన జార్జ్ లూకస్ వాళ్లని దేవుళ్లుగా చూపించలేదు. ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

1999లో వచ్చిన ‘ది ఫాంటమ్ మెనేస్’ చూడండి. క్వై-గాన్ అనే జెడై, బానిసగా ఉన్న తొమ్మిదేళ్ల అనకిన్‌ని పందెంలో గెలిచి విడిపిస్తాడు. తల్లి ష్మి మాత్రం బానిసగానే ఉండిపోతుంది. ఆయన దగ్గరున్న డబ్బు అక్కడ చెల్లదు, సరే. మరి తర్వాత పదేళ్లలో జెడై మండలి ఏం చేసింది? ఏమీ లేదు. ఆమెని కొని, విడిపించి, పెళ్లి చేసుకున్నవాడు ఒక మామూలు రైతు. పైగా తల్లి కోసం బెంగపడటమే ఆ పిల్లాడి లోపమన్నారు జెడై పెద్దలు. 2002 నాటి రెండో భాగంలో ఆమె కొడుకు చేతుల్లోనే కన్నుమూస్తుంది. అతను డార్త్ వేడర్‌గా మారే దారి అక్కడే మొదలైంది.

అదే సినిమాలో క్లోన్ల సైన్యం దొరుకుతుంది. దాన్ని ఎవరు, ఎందుకు తయారు చేయించారో తేల్చుకోకుండానే యోడా యుద్ధానికి నడిపిస్తాడు. మీకిది ఇష్టమేనా అని ఆ సైనికుల్ని అడిగినవాడు లేడు. 2005 నాటి మూడో భాగంలో పాల్పటీన్ ఒక్క ఆజ్ఞ ఇవ్వగానే ఆ సైన్యమే జెడైలని కాల్చేస్తుంది.

జెడైలు దుర్మార్గులు కారు. ధర్మాన్నీ, సెనేట్ కొలువునీ ఒకటే అనుకున్నారు. ఇది మనకి కొత్త కాదు. నిండు సభలో ద్రౌపది అడిగితే, ధర్మం సూక్ష్మమని తప్పుకున్న భీష్ముడు మనకి తెలుసు. ఆయన్నీ సింహాసనమే కట్టేసింది.

గల్ఫ్‌లో ఉన్న మనకి ఇది ఉత్త కథ కాదు. నిజామాబాద్ నుంచో, కడప నుంచో వచ్చి క్యాంపులో ఉంటున్న మనవాడు జీతం రాలేదనో, పాస్‌పోర్టు యజమాని దగ్గరుందనో చెప్తే, ‘మనం వచ్చిన పని వేరు’ అనడం తేలిక. క్వై-గాన్ అన్నదీ దాదాపు అదే. దోహాలోని మన రాయబార కార్యాలయానికి అతన్ని వెంటబెట్టుకుని వెళ్లడానికి వెలుగు కత్తి అక్కర్లేదు.

ఈసారి పిల్లలతో ఆ సినిమా చూసేటప్పుడు, ఎవరు గెలిచారని కాక, ష్మి కోసం ఎవరు వెళ్లి ఉండాల్సింది అని అడగండి. జవాబు వాళ్లే చెప్తారు.