గాల్లో ముప్పావుగంట... దారిలో అయిదు గంటలు!

లండన్‌లో ఉదయం 9 గంటలకు బయల్దేరిన విమానం ప్యారిస్ చేరేసరికి అక్కడి గడియారంలో 11.15 అవుతుంది. సాయంత్రం 6 గంటలకు ప్యారిస్‌లో ఎక్కితే లండన్‌లో 6.15కే దిగిపోవచ్చు! వెళ్లడానికి రెండుంబావు గంటలు, రావడానికి పావుగంటా? కాదు, ఎటు వెళ్లినా పట్టేది దాదాపు గంటంబావే. ప్యారిస్ గడియారం లండన్ కన్నా ఓ గంట ముందుంటుంది. అదీ సంగతి.

ఈ రెండు రాజధానుల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 340 కిలోమీటర్లు. ఆ గంటంబావులోనూ విమానం గాల్లో ఉండేది ముప్పావుగంటకు కాస్త అటూఇటూ. మిగతాదంతా రన్‌వే మీదికి చేరడానికీ, దిగాక ఆగాల్సిన చోటుకు వెళ్లడానికీ సరిపోతుంది.

మరి 9 గంటల విమానానికి హోటల్ నుంచి ఎన్నింటికి బయల్దేరాలి? అసలు లెక్క అక్కడే ఉంది. హీత్రో విమానాశ్రయం లండన్ నడిబొడ్డుకి 20 కిలోమీటర్లకు పైనే. అటు చార్లెస్ డి గాల్ విమానాశ్రయమూ ప్యారిస్‌కి పాతిక కిలోమీటర్ల దూరం. రెండు గంటల ముందే వెళ్లి సామాను అప్పగించాలి, తనిఖీలు పూర్తిచేసుకోవాలి. దిగాక మళ్లీ పాస్‌పోర్టు వరుస, సామాను కోసం ఎదురుచూపులు. అన్నీ కలిపితే అయిదు గంటలు దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఒకే ఒక్క ప్రయాణికుడు

ఈ రెండు నగరాల మధ్య రోజువారీ విమానం మొదలైంది 1919 ఆగస్టు 25న. ఆ చిన్న విమానంలో ప్రయాణికుడు ఒక్కడే, అతనూ ఓ విలేకరి! తోడుగా వార్తాపత్రికలూ, తోలూ, మీగడా. ప్యారిస్ చేరడానికి రెండున్నర గంటలు పట్టింది. వందేళ్లలో విమానం వేగం ఎన్నో రెట్లు పెరిగింది కానీ, ఆదా అయిన సమయాన్నంతా నేలమీది వరుసలే మింగేస్తున్నాయి.

సముద్రం కింద రైలు

విమానానికి గట్టి పోటీ 1994లో వచ్చింది. ఇంగ్లిష్ ఛానెల్ కింద 50 కిలోమీటర్ల సొరంగం తవ్వి, అందులోంచి యూరోస్టార్ రైలు నడిపారు. మొదట్లో మూడు గంటల ప్రయాణం. 2007లో బ్రిటన్ వైపు కొత్త లైను పూర్తయ్యాక రెండుంబావు గంటలకు తగ్గింది. గంటకు 300 కిలోమీటర్ల వేగం మరి! రెండు చివర్లా స్టేషన్లు ఊళ్లోనే. రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీలూ ఎక్కేముందే అయిపోతాయి. గంట, గంటన్నర ముందు వెళ్లినా నాలుగు గంటల్లో ప్యారిస్ వీధుల్లో ఉండొచ్చు. పైగా, విమానంతో పోలిస్తే గాల్లో కలిసే కర్బనమూ బాగా తక్కువ.

పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేద్దామనుకునే కుటుంబానికి రానూపోనూ కలిసొచ్చే ఆ రెండు గంటలే ఈఫిల్ టవర్ ఎక్కడమా, కింది నుంచి చూసి వచ్చేయడమా అన్నది తేలుస్తాయి.

అన్నట్టు, భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఇంకో లెక్కా చూసుకోవాలి. ప్యారిస్‌కి షెంజెన్ వీసా, లండన్‌కి బ్రిటన్ వీసా. ఒకటి ఉంటే రెండోచోట చెల్లదు. అది మరిచిపోతే విమానమైనా రైలైనా ఒకటే... ఎక్కనివ్వరు!