నీటి నడుమ కాంక్రీటు కమలం

చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చూపరులను కట్టిపడేసే కట్టడం గాంధీ భవన్. కొలను నడుమ విచ్చుకున్న కమలమా అనిపించే ఈ భవనం 1960వ దశకం తొలినాళ్ళలో రూపుదిద్దుకొన్నది. దీని రూపశిల్పి పియరీ జెనరె. చండీగఢ్ నగర నిర్మాణానికై తన బంధువు లె కొర్బూజియేతో పాటు వచ్చి, 1965 వరకు ఆ నగరాన్నే అంటిపెట్టుకొని పనిచేసిన వాస్తుశిల్పి ఆయన.

కాంక్రీటు శాశ్వతమని మనలో చాలామంది భావిస్తాము. నిర్మాణరంగంతో నిత్యసంబంధమున్న మేము మాత్రం అలా అనలేము. కొత్త కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఇనుప ఊచలకు తుప్పు పట్టనివ్వదు. అయితే గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళతరబడి మెల్లగా లోనికి చొరబడి ఆ గుణాన్ని హరిస్తుంది. ఆపై చెమ్మ తోడైతే ఊచ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక లోపలి నుండి ఒత్తిడి పెరిగి, పగుళ్ళు తేలి, పెచ్చులు ఊడతాయి.

వ్యాధిని గుర్తించే పరీక్ష సులభమైనదే. తాజాగా చెక్కిన కాంక్రీటుపై ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే, ఆరోగ్యంగా ఉన్న భాగం గులాబీ రంగు దాలుస్తుంది. క్షారగుణం కోల్పోయిన భాగం రంగు మారదు. చికిత్సకే ఓర్పు కావాలి. వదులైన కాంక్రీటును తొలగించి, ఊచను శుభ్రపరచి, రక్షణ పూత పూసి, పాతదానితో ఇమిడిపోయే మిశ్రమంతో పూడ్చాలి. అన్నిటికంటే ముందు నీరు చేరే దారిని మూయాలి.

గాంధీ భవన్ వంటి కట్టడాలలో మరొక చిక్కున్నది. అక్కడ కాంక్రీటు ఉపరితలమే అలంకారం. రంగు తేడాగా వేసిన ఒక్క అతుకు ఆ అందాన్ని చెరుపుతుంది. అందుకే 2015లో గెట్టీ ఫౌండేషన్ ఈ భవన పరిరక్షణ ప్రణాళికకు ఆర్థిక సహాయం అందించింది. ముందు అధ్యయనం, తరువాతనే మరమ్మతు అన్నది ఆ ప్రయత్నంలోని సారం.

మన కర్మాగారాలు, మనం నివసించే క్వార్టర్లు కూడా కాంక్రీటువే. పైకప్పున మూసుకుపోయిన వాననీటి గొట్టం, స్లాబు అడుగున తుప్పురంగు మరక చిన్న విషయాలుగా తోచవచ్చు. మరకపై సున్నం కొట్టి మరచిపోవడం జబ్బును దాచడమే అవుతుంది. అట్టి మరక కనిపించిన నాడే నిర్వహణ విభాగానికి తెలియజేయవలసినదిగా సోదర ఉద్యోగులను, వారి కుటుంబ సభ్యులను కోరుతున్నాము. కట్టడానికి ఆయువు పోసేది నిర్మించిన చేయి ఒక్కటే కాదు, కనిపెట్టి చూసుకొనే కన్ను కూడా.