తోడేలు వచ్చింది సరే, మంద ఎవరిది?

మన అభ్యుదయ సాహిత్యంలో తోడేలు చాలాకాలంగా తోడేలు కాదు. అది దొర, అది వడ్డీ వ్యాపారి, అది పోలీసు పటేలు. కవితలో ఆ మాట కనిపించగానే పాఠకుడు దోపిడీదారును గుర్తుపడతాడు. గొర్రె అంటే అమాయక ప్రజ. ఈ ప్రతీకను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒక చారిత్రక దశలో అది చేయవలసిన పని చేసింది. కాని ప్రతీక గట్టిపడిన కొద్దీ దాని వెనకనున్న జంతువు మాయమవుతుంది. జంతువుతోపాటు, దానికి రాత్రంతా కాపలా కాసే మనిషి కూడా మాయమవుతాడు. నిజమైన తోడేలుకూ, నిజమైన మందకూ, ఆ మంద వెనక గొంగడి భుజాన వేసుకుని నడిచే కురుమకూ మధ్య వున్న సంబంధం ఏమిటని వెతికితే మన కథల్లో దొరికేది బహు స్వల్పం.

ఈ లోటు ఎంతటిదో తెలుసుకోవడానికి ఇంగ్లండు రచయిత్రి సారా హాల్ 2015లో ప్రచురించిన ‘ది వుల్ఫ్ బోర్డర్’ నవల ఉపయోగపడుతుంది. నవల పేరులోని ‘తోడేళ్ళ సరిహద్దు’ అనే మాట ఫిన్లండు దేశపు భాషలోనిది. రాజధాని ప్రాంతానికీ తక్కిన దేశానికీ మధ్య జనం ఊహించుకునే గీతకు అక్కడ ఆ పేరుంది. గీతకు ఇవతల నాగరికత, అవతల తోడేళ్ళు తిరిగే అడవి అని దాని అర్థం. పట్నం పల్లెను చూసే చూపంతా ఆ ఒక్క మాటలో వుంది.

ఇతివృత్తం సంక్లిష్టమైనదేమీ కాదు. రాచెల్ కెయిన్ తోడేళ్ళ మీద పరిశోధన చేసే శాస్త్రజ్ఞురాలు. పుట్టి పెరిగింది ఉత్తర ఇంగ్లండులోని కంబ్రియా కొండల్లో; పని చేస్తున్నది అమెరికాలోని ఐడహోలో, ఆదివాసుల రిజర్వేషనులో. కంబ్రియాలో వేల ఎకరాల ఎస్టేటు వున్న ఒక ఎర్ల్, అంటే మన భాషలో పెద్ద జాగీర్దారు, తన భూమి చుట్టూ కంచె వేసి అందులో తోడేళ్ళను పెంచాలని సంకల్పిస్తాడు. ఇంగ్లండులో తోడేలు కనుమరుగై అయిదు వందల ఏళ్ళు దాటింది. ఆ పథకాన్ని నడపడానికి రాచెల్‌ను పిలుస్తాడు. ఆమె మొదట కాదంటుంది. తల్లి చనిపోవడం, తాను గర్భవతినని తెలియడం, ఈ రెండూ కలిసి ఆమెను స్వస్థలానికి తిరిగి రప్పిస్తాయి. తోడేళ్ళ జంట వస్తుంది, పిల్లలు పెడుతుంది. రాచెల్ కూడా బిడ్డను కంటుంది. మాదకద్రవ్యాలకు అలవాటుపడిన తమ్ముడితో ఆమెకున్న తెగిన సంబంధం మెల్లగా అతుక్కుంటుంది. మనిషి కాన్పునూ జంతువు కాన్పునూ పక్కపక్కన పెట్టి చూపడం ఎంతో ప్రమాదకరమైన ప్రయత్నం. కాస్త జారితే చౌకబారు పోలిక అవుతుంది. రచయిత్రి జారలేదు. తోడేళ్ళకు మనుషుల ఆలోచనలు అంటగట్టకుండా, వాటి నడకనూ వాసనపట్టే తీరునూ శాస్త్రజ్ఞురాలి కంటితో మాత్రమే చూపించింది. శిల్పం విషయంలో మన రచయితలు ఈ నవలలో మొదట చూడవలసింది ఈ నిగ్రహమే.

అయితే నవల బలమంతా ఇందులో లేదు. రాచెల్ విడిచి వచ్చిన చోటుకూ, వచ్చి చేరిన చోటుకూ వున్న తేడాలో వుంది. అమెరికా ప్రభుత్వం 1995, 1996 సంవత్సరాల్లో కెనడా నుంచి తోడేళ్ళను తెచ్చి యెల్లోస్టోన్ పార్కులోనూ, ఐడహోలోనూ వదిలింది. ఐడహో రాష్ట్ర ప్రభుత్వం ఆ పని చేయడానికి నిరాకరించింది. అప్పుడు తోడేళ్ళ సంరక్షణ బాధ్యతను తీసుకున్నది నెజ్ పెర్స్ అనే ఆదివాసీ జాతి. 1877 యుద్ధంలో ఓడిపోయి సొంత నేల నుంచి తరిమివేయబడిన ప్రజలు వాళ్ళు. తమలాగే తరిమివేయబడిన జంతువును తిరిగి తెచ్చే పని వాళ్ళ చేతికి వచ్చింది. అక్కడి నుంచి వచ్చిన రాచెల్, కంబ్రియాలో ఎవరి కింద పని చేస్తున్నది? నేలను ఏనాడూ పోగొట్టుకోని వర్గం కింద. అక్కడ తోడేలు పోయిన హక్కుకు గుర్తు. ఇక్కడ చెక్కుచెదరని ఆస్తికి అలంకారం. జంతువు మారలేదు, కంచె యజమాని మారాడు.

ఎర్ల్ దుర్మార్గుడు కాదు. రచయిత్రి చాకచక్యం ఇక్కడ మెచ్చుకోదగినది. అతడు మర్యాదస్తుడు, చదువుకున్నవాడు, ప్రకృతి మీద ప్రేమ గలవాడు. మాట తీరులో ఎక్కడా అహంకారం కనిపించదు. కాని ప్రభుత్వంలో అతనికున్న పలుకుబడితో సామాన్యుడికి అసాధ్యమైన అనుమతులు సులువుగా వస్తాయి. నవల చివర తోడేళ్ళు కంచె దాటి ఉత్తరానికి, స్కాట్లండుకు వెళ్ళిపోతాయి. 2014 ప్రజాభిప్రాయ సేకరణలో స్కాట్లండు ప్రజలు స్వాతంత్ర్యం వద్దన్నారు గాని, నవలలో మాత్రం స్కాట్లండు స్వతంత్ర దేశమవుతుంది; ఆ కొత్త ప్రభుత్వం తోడేళ్ళను వుండనిస్తుంది. ఇదంతా ఎర్ల్ మొదటినుంచీ అనుకున్నదేనని రాచెల్‌కు అర్థమవుతుంది. తన శాస్త్రజ్ఞానం, తన కష్టం, తన నిజాయితీ అన్నీ ఒక పెద్దమనిషి ఆలోచనకు పనిముట్లయ్యాయి. తోడేళ్ళకు స్వేచ్ఛ వచ్చింది. ఆ స్వేచ్ఛ ఇచ్చిన చేయి మాత్రం జాగీర్దారుదే. ఈ ముగింపును ఆనందంగా చదివే పాఠకులున్నారు. నాకు అది చేదుగానే కనిపించింది, రచయిత్రి కూడా ఆ చేదును కావాలనే మిగిల్చిందని అనుకుంటాను.

ఇక లోపం. కంబ్రియా గొర్రెల దేశం. అక్కడి కొండలు పచ్చగా నున్నగా కనిపించడానికి కారణం శతాబ్దాల మేత. ఆ మందల మీద బతికే రైతులు నవలలో నిరసన తెలిపే గుంపుగా, సభలో లేచే గొంతుగా వస్తారు, పోతారు. వాళ్ళ ఇంట్లోకి కథ వెళ్ళదు. ఒక గొర్రె చస్తే ఆ నెల ఇల్లు ఎలా గడుస్తుందో మనకు తెలియదు. యజమానిని ఇంత నిశితంగా చూసిన కన్ను, కౌలుదారు దగ్గరకు వచ్చేసరికి దూరం నుంచి చూసి ఊరుకుంది. షార్లట్ మెకానహీ 2021లో ప్రచురించిన ‘వన్స్ దేర్ వర్ వుల్వ్స్’లో స్కాట్లండు కొండల్లోకి పద్నాలుగు తోడేళ్ళను తెస్తారు. అందులో రైతులు మరికొంత దగ్గరగా కనిపిస్తారు గాని, కథ హత్యా రహస్యం వెంట పరుగెత్తి ఆ ప్రశ్నను దారిలో వదిలేస్తుంది. స్కాట్లండు కొండలు నిర్జనంగా వుండటం ప్రకృతి వరం కాదు. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో భూస్వాములు గొర్రెల పెంపకం కోసం రైతు కుటుంబాలను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టారు. తరువాత అదే నేలలో చాలా భాగాన్ని దుప్పుల వేటకు వుంచుకున్నారు. ‘అడవి’ అని మనం మురిసిపోయేది ఒక్కొక్కసారి ఖాళీ చేయించిన ఊరు.

ఈ మాట బాన్సువాడలో కూర్చుని రాస్తున్నప్పుడు దానికి వేరే బరువు వస్తుంది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద ఊళ్ళు మునిగాయి. ఆ నీళ్ళతోనే ఈ తాలూకా వరి, చెరుకు పండించింది. ఇటుపక్క పోచారం అడవి నిజాం వేట స్థలం. 1952లో దాన్ని అభయారణ్యం చేశారు. అంటే నిన్నటిదాకా రాజు తుపాకి కోసం కాపాడిన జంతువును ఇవాళ ప్రభుత్వం చట్టం కోసం కాపాడుతున్నది. రెండు కాలాల్లోనూ మేకల కాపరి మాత్రం గీతకు బయటే నిలబడ్డాడు. మంజీరకు ఎగువన సంగారెడ్డి దగ్గర 1978లో ఏర్పడిన అభయారణ్యం ముఖ్యోద్దేశం మొసళ్ళ సంరక్షణ. వేటజంతువును కాపాడి నిలబెట్టడం మనకు ఇంగ్లండు నవలలో చదివే వింత కాదు, మన నది మీదే జరిగిన పని. ఆ ఒడ్డున వలవేసే బెస్త గురించి, బర్రెను నీళ్ళకు తోలే పిల్లవాడి గురించి ఒక నవలైనా రాదగిన వస్తువది.

ఇంకా ఉత్తరానికి, ఆసిఫాబాదు వైపు వెళితే విషయం మరింత తీవ్రమైనది. అక్కడ పులిని ఎవరూ తీసుకురాలేదు. మహారాష్ట్రలోని తాడోబా అడవుల్లో పులుల సంఖ్య పెరిగి, అవి ప్రాణహిత దాటి తమంతట తామే వస్తున్నాయి. 2012లో కవ్వాల్‌ను పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. 2020 నవంబరులో ఆసిఫాబాదు జిల్లాలో పులి దాడిలో ఇద్దరు చనిపోయారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేనులో కూలి పనికి పోయిన ఒక యువతి చనిపోయింది. అదే కాగజ్‌నగర్ ప్రాంతంలో ఆ ఏడాది జనవరిలో రెండు పులులు చచ్చిపడి కనిపించాయి. పులి చంపిన పశువు కళేబరంలో విషం పెట్టారని బయటపడింది. పత్తి ఏరుతూ చనిపోయిన మనిషీ, విషం తిని చచ్చిన పులీ ఒకే మండలానికి చెందినవాళ్ళు. వీళ్ళలో ఒకరి పక్షం చేరి రెండోవాళ్ళను మరిచిపోయే రచన ఎంత ఆవేశంగా వున్నా సగం రచనే.

2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం జీవో 49 ద్వారా కవ్వాల్‌కూ తాడోబాకూ మధ్యనున్న అటవీ ప్రాంతాన్ని కుమ్రం భీం పేరిట సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. ఆదివాసులు ఆందోళన చేశారు, జులైలో ఆ ఉత్తర్వును నిలిపివేశారు. పేరు గమనించండి. అడవి మీద హక్కు కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన మనిషి పేరు, అడవిలో తమ హక్కు పోతుందేమోనని ఆదివాసులు భయపడిన ఉత్తర్వుకు పెట్టారు. ఇంతటి వ్యంగ్యాన్ని ఏ నవలాకారుడూ కల్పించలేడు. కల్పిస్తే అతిగా వుందని సంపాదకుడు కొట్టేస్తాడు.

మధ్యప్రదేశ్‌లోని కూనో సంగతి కూడా ఇలాంటిదే. గిర్ సింహాలను అక్కడికి తేవాలని 1998 నుంచి కొన్నేళ్ళపాటు ఇరవై నాలుగు గ్రామాలను ఖాళీ చేయించారు. వాళ్ళలో ఎక్కువమంది సహరియా ఆదివాసులు. సింహాలను ఇవ్వడానికి గుజరాత్ ఒప్పుకోలేదు. 2013లో సుప్రీంకోర్టు తరలించమని తీర్పు చెప్పినా రాలేదు. చివరకు 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు చీతాలు వచ్చాయి. సింహం కోసం ఊరు వదిలిన మనిషి ఇరవై ఏళ్ళ తరువాత చీతా దిగడాన్ని టెలివిజనులో చూశాడు. అన్నట్టు, మన దేశపు చివరి చీతాలుగా చెప్పుకునే మూడింటిని 1947లో కాల్చింది ఒక సంస్థానాధీశుడే.

మన దగ్గర ఈ వస్తువును తాకే శక్తి లేకపోలేదు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి కుష్ఠువ్యాధి ఆసుపత్రిలో వైద్యుడుగా పనిచేసిన డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ ఇందుకు సాక్ష్యం. పందులు కాచుకునే ముసలివాడు, తప్పిపోయిన చూలు పంది, ఈనిన పిల్లలు, చుట్టూ చేరే నక్కలు, ఒక్క రాత్రి. దీన్ని హెమింగ్వే నవలతో పోల్చి సరిపెట్టుకోవడం మన విమర్శకు అలవాటయింది. ఆ పోలికలో పోయేది ఒకటుంది. క్యూబా జాలరి చేప అతని పరువు. ఇక్కడి ముసలివాడికి పంది అతని బతుకు. నక్కలు చెడ్డవి కావు, వాటికి ఆకలి. ముసలివాడు మంచివాడని కాదు, అతనికి అవసరం. ఈ రెంటినీ ఒకే రాత్రిలో, ఎవరి మీదా తీర్పు చెప్పకుండా నిలబెట్టాడు కేశవరెడ్డి. సారా హాల్ నవలలో లేని మనిషి ఈ నవలలో వున్నాడు. ఈ నవలలో లేనిది, అంటే ఆ అడవి ఎవరి కాగితాల్లో వుందన్న ప్రశ్న, ఆమె నవలలో వుంది.

ఈ రెండింటినీ కలిపే నవల మన ప్రాంతం నుంచి రావలసి వుంది. దానికి కావలసిన వివరాలు కళ్ళముందే వున్నాయి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం గొల్లకురుమలకు ఇచ్చిన యూనిట్టులో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. యూనిట్టు ధర లక్షా ఇరవై అయిదు వేలు. అందులో లబ్ధిదారు వాటా ముప్పై ఒక్క వేల రెండు వందల యాభై. ఆ వాటాకు అప్పు చేసిన మనిషి మందలో ఒక రాత్రి తోడేలు పడిందనుకోండి. అది 1972 వన్యప్రాణి చట్టం పూర్తి రక్షణ ఇచ్చిన జంతువు. చచ్చిన గొర్రెల నష్టపరిహారానికి పంచనామా కావాలి, పశువైద్యుడి సంతకం కావాలి, అటవీ అధికారి వచ్చేదాకా కళేబరం అక్కడే వుండాలి. వేసవి. కుక్కలు తిరుగుతున్నాయి. కాపరి మిగిలిన మందను మేతకు తోలుకుపోవాలా, చచ్చినదాని దగ్గర కాపలా వుండాలా? ఆ తోడేలుకు కూడా ఎక్కడో బండల మధ్య పిల్లలున్నాయి.