సరకు బండి బేరము: పంచాయతీ సభ్యులు తెలుపవలసిన సంగతులు

కూరగాయలు, పాలు, పండ్లు పట్టణమునకు పంపు గ్రామములందు నేడు ఎడ్లబండి స్థానమున చిన్న సరకు మోటారు వచ్చి నిలిచినది. ముందు ఒకే వరుస సీటు, వెనుక తెరచిన తొట్టి గల ఈ బండిని మన పల్లెలలో పికప్ అనియు, ట్రాలీ అనియు పిలుచుచున్నారు. చీకటితో కోసిన కూరగాయలను రైతుబజారు తెరచు వేళకు చేర్చుటకు ఇది మిక్కిలి అనువైనది. అందువలన యువకులును, రైతు సంఘములును, కొన్ని చోట్ల పంచాయతీలును ఇట్టి బండ్లను కొన నుత్సహించుచున్నారు. అట్టివారు ముందుగా సలహా కోరునది పంచాయతీ సభ్యునే.

తక్కువ ధరకు వచ్చినదే మంచి బేరమని పలువురు తలచుచుందురు. అది సరికాదు. పనికి తగిన బండి, తుదివరకు లెక్కించిన వ్యయము, లోపములేని కాగితములు, ఈ మూడును కుదిరినప్పుడే బేరము మంచిదగును. ఇందులో ఏ ఒక్కటి లోపించినను చౌకగా కొనిన బండియే ఇంటికి భారమగును.

పనికి తగిన బండి

రెండు వరుసల సీట్లు గల పికప్‌లును అమ్మకమునకు కలవు. కాని రెండవ వరుసకు కావలసిన చోటు చాలవరకు తొట్టి నుండియే పోవును. సరకు మోయుటయే పని యైనచో ఒకే వరుస గల బండియే లాభకరము.

పిమ్మట బరువు సంగతి చూడవలెను. రిజిస్ట్రేషను పత్రమునందు ఖాళీ బండి బరువు, నిండు బండి బరువు అని రెండు అంకెలుండును. వీని వ్యత్యాసమే ఆ బండి మోయదగిన బరువు. ఉదాహరణమునకు ఈ వ్యత్యాసము 1,200 కిలోలనుకొందము. డ్రైవరు, సహాయకుడు కలిసి 140 కిలోలు పోగా మిగులునది 1,060 కిలోలు. పెట్టెతో కలిపి 27 కిలోలు తూగు టమాటా పెట్టెలు 39కి మించి ఎక్కింపరాదు. మీ ఊరి నుండి దినమునకు 60 పెట్టెలు పోవలసియున్నచో రెండు మార్లు తిరుగవలెను. లేదా పెద్ద బండి చూచుకొనవలెను. అధిక భారమునకు 2019 సవరణ చట్టము 20,000 రూపాయల జుర్మానాను, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలను నిర్ణయించినది.

నిండు బరువు 3,000 కిలోలకు మించని సరకు బండికి పర్మిట్టు అక్కరలేదు. కావున బండి ఎన్నుకొనునప్పుడు ఈ హద్దును గుర్తుంచుకొనుట మేలు.

ధర, వడ్డీ

22-9-2025 నుండి సరకు వాహనములపై జి.యస్.టి. 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. పన్నుకు ముందు 5 లక్షల రూపాయలు పలుకు బండి పూర్వము 6,40,000 రూపాయలు కాగా, నేడు 5,90,000 రూపాయలగును. పాత బండి అమ్మువారు పూర్వపు క్రొత్త ధరతో పోల్చి తమ ధర చెప్పినచో అంగీకరింపరాదు. నేటి క్రొత్త ధరతోనే పోల్చవలెను.

అప్పు తీసుకొనువారు వడ్డీ శాతమును మాత్రమే అడిగి ఊరకుండరాదు. ఆ వడ్డీని ఏ రీతిగా లెక్కింతురో అడుగవలెను. 5 లక్షల అప్పుకు 10 శాతము చొప్పున నాలుగేండ్లు మొత్తము అసలుపైననే వడ్డీ వేసినచో వడ్డీ 2 లక్షలగును. నెలసరి వాయిదా 14,583 రూపాయలు. తీర్చినకొలది తగ్గు అసలుపై అదే 10 శాతము వేసినచో వాయిదా సుమారు 12,680 రూపాయలు. మొత్తము వడ్డీ సుమారు 1,08,700 రూపాయలు. చెప్పిన శాతము ఒక్కటే, తేడా 91,000 రూపాయలకు పైమాట. కావున ‘మొత్తము వాయిదాలెన్ని, ఒక్కొక్కటి ఎంత’ అని వ్రాయించుకొని హెచ్చించి చూచుకొనవలెను.

పాత బండిని పరీక్షించుట

పాత బండిని ఉదయమున, ఇంజను చల్లగా నున్నప్పుడు చూడవలెను. ముందే వేడిచేసి యుంచిన ఇంజను తన లోపమును దాచగలదు. నీలి పొగ విడుచుచున్నచో ఇంజను ఆయిలు తినుచున్నదని అర్థము. తొట్టి అడుగున తుప్పు, ఛాసిస్‌పై అతుకులు, విరిగిన కమాను కట్టలు, ఒక ప్రక్కనే అరిగిన టైర్లు, ఇవి అధిక భారమునకో, ప్రమాదమునకో గుర్తులు. క్రొత్తగా వేసిన రంగును చూచి మోసపోరాదు. అమ్మువానికి చెందని మెకానిక్కును వెంట తీసుకొనిపోవలెను. బరువు వేసి నడిపి చూడవలెను.

సరకు బండికి ఎనిమిదేండ్ల వయస్సు వరకు రెండేండ్ల కొకసారియు, పిమ్మట ఏటేటను ఫిట్‌నెస్ పరీక్ష జరుగవలెను. బండి ముదిరినకొలది ఈ పరీక్ష రుసుము హెచ్చును. ఈ వ్యయమును కూడ ధరలో చేర్చి లెక్కింపవలెను.

కాగితములు

ఇంజను నెంబరును, ఛాసిస్ నెంబరును పత్రముతో సరిచూడవలెను. పన్ను బాకీలు, పాత చలానాలు ఉన్నవేమో రవాణా శాఖ వారి వెబ్‌సైటులో చూడవచ్చును. బండిపై అప్పు నమోదై యున్నచో అప్పిచ్చినవారి సంతకముతో 35వ ఫారము పొందనిదే పూర్తి పైకము చెల్లింపరాదు.

29, 30 ఫారములపై సంతకములు చేయించుకొని పెట్టెలో దాచుకొనుట మన పల్లెలలో సాధారణము. ఇది మిక్కిలి ప్రమాదకరము. ఒకే రాష్ట్రములో జరిగిన అమ్మకమును అమ్మినవారు 14 దినములలోను, కొనినవారు 30 దినములలోను రవాణా అధికారికి తెలుపవలెను. బండి పలువురి చేతులు మారినను, ప్రమాదము జరిగిన నాడు రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. ఏనాడో బండి అమ్మివేసిన రైతు, తానెరుగని ప్రమాదమునకు పరిహారము చెల్లింపవలసి రావచ్చునన్నమాట. బీమాను తన పేరిట మార్చుటకు కొనినవారు 14 దినములలో దరఖాస్తు చేయవలెను. లేనియెడల తన బండికి కలిగిన నష్టము తనకే మిగులును.

మరియొక హెచ్చరిక. సరకు బండిలో కూలీలను, పెండ్లివారిని ఎక్కించు అలవాటు మానవలెను. సరకు వెంట వచ్చు యజమాని సంగతి వేరు. ఊరక ఎక్కిన ప్రయాణికులకు బీమా రక్షణ ఉండదు. అపాయము వాటిల్లినచో రెండు కుటుంబములు చెడును.

పంచాయతీయే కొనునప్పుడు

పంచాయతీ తన పనులకై పాత బండి కొనదలచినచో ఒక నియమము ముఖ్యము. 1-4-2023 నుండి ప్రభుత్వ, పురపాలక, పంచాయతీ వాహనముల రిజిస్ట్రేషను, మొదట నమోదైన నాటి నుండి 15 ఏండ్లు నిండగనే ముగియును, దానిని పొడిగింపరు. పండ్రెండేండ్ల బండిని చౌకయని 3 లక్షలకు కొనినచో అది పంచాయతీకి పనిచేయునది మూడేండ్లే. అనగా ఏటికి లక్ష. తొమ్మిదేండ్లు మిగిలిన బండి 6 లక్షలైనను ఏటికి 67,000 రూపాయలలోపే పడును. కావున ధరను మిగిలిన ఏండ్లతో భాగించి చూడవలెను. ఒకటికి మించిన కొటేషన్లు వ్రాతమూలకముగా తెప్పించి, సమావేశములో చదివి, తీర్మానము వ్రాసి కొనుట ఉత్తమము. గ్రామ ధనమునకు అదియే కాపు.

సభ్యులు ఈ సంగతులను గ్రామసభలో చదివి వినిపింపగోరెదము. ముఖ్యముగా, బండి అమ్మియు పేరు మార్పింపని వారు మీ గ్రామములో ఎవరైన నున్నారేమో విచారించి, వారిని వెంటనే రవాణా కార్యాలయమునకు పంపుడు. ఆ ఒక్క పనివలన ఒక కుటుంబము పొలము నిలిచిన నిలువవచ్చును.