భూగర్భమున గాలి కదలిక

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో 1966లో మూతపడి, 2008లో ప్రదర్శనశాలగా తిరిగి తెరువబడిన చాంబెరీ యను భూగర్భ రైల్వే స్టేషనును గూర్చి చదివిన కడప పాఠకులొకరు, "భూమి క్రిందనే యున్న మన బెలుం గుహలలోనికి ఎండకాలమున దిగిన కొంతసేపటికే ఒడలెల్ల చెమటపట్టి ఊపిరి సలుపనట్లుండునే, ఆ స్టేషనులో జనులెట్లు సంచరింతురు?" అని ప్రశ్నించినారు. నాకు మిక్కిలి ప్రీతికరమైన విషయమును కదలించిన ప్రశ్న యిది. కావున తక్కిన సంగతులను త్వరగా ముగించెదను.

చాంబెరీ 1919లో మాడ్రిడ్ మొదటి మెట్రో మార్గముతోనే పుట్టినది. రైళ్ల పొడవు పెరిగినప్పుడు, వంపుపై నున్న దాని ప్లాట్‌ఫారములను పొడిగించుట దుష్కరమగుటచే మూసివేసిరి. ఆ మూసివేతయే దానికి రక్షయైనది. తెల్లని పింగాణీ పలకలును, వానిపైననే చిత్రించిన నాటి వ్యాపార ప్రకటనలును చెక్కుచెదరక నిలిచినవి. బెలుం కథ యిందుకు విపర్యయము. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ పేర్కొన్న యీ గుహలు చుట్టుపట్ల ఊళ్ల చెత్తకు నిలయమై యుండగా, 1982–83లలో డేనియల్ గెబావర్ నాయకత్వమున జర్మన్ అన్వేషకులు లోపల శోధించిరి; పర్యాటకాభివృద్ధి సంస్థ చెత్త నెత్తించి, బాటలు వేయించి, దీపములమర్చి 2002లో ప్రజలకు తెరచెను. సున్నపురాతిని కరిగించి నీరు చేసిన యీ దారి పొడవు 3,229 మీటర్లు.

ఇక గాలి. సొరంగమును దాదాపు నిండించుకొని రైలు పరుగెత్తునప్పుడు ముందున్న గాలికి ప్రక్కలకు తప్పుకొనుటకు చోటు చాలదు. అది ముందునకు నెట్టబడి స్టేషను మెట్లమీదుగా పైకెగయును, రైలు వెనుక నేర్పడిన కొరతను పూరింప బయటి గాలి లోనికి చొరబడును. రైలు కానరాకముందే నిలుచున్నవాని ముఖమునకు గాలి తగులుట యిందువలననే. చాంబెరీలో నేటికిని గాజుగోడ కావల రైళ్లు ఆగక పోవుచునే యున్నవి.

అయితే గాలి కదలినంత మాత్రమున వేడి పోదు. ఈ సంగతి గ్రహింపక పొరబడినవారు లండన్ భూగర్భ రైల్వే వారు. 20వ శతాబ్దారంభమున అచ్చటి లోతైన సొరంగముల చుట్టునున్న బంకమన్ను 14 డిగ్రీల చల్లదనమున నుండగా, వేసవిలో క్రిందనే హాయియని గోడపత్రికలు వేయించిరి. ఆగిన ప్రతిసారియు రైలు వేగము బ్రేకులలో వేడిగా మారుననియు, ఆ వేడిని మన్ను దశాబ్దములపాటు త్రాగుచుండుననియు వారు లెక్కింపలేదు. నేడా మన్ను 19 నుండి 26 డిగ్రీలు!

బెలుంలో రైలు లేదు. గాలిని కదల్పవలసినది బరువులోని భేదమొక్కటే. భూమిలోనికి కొంత లోతు దిగినంతనే ఋతుభేదము నశించి, శిల యా ప్రాంతపు సాంవత్సరిక సగటు ఉష్ణోగ్రతను పట్టుకొని యుండును. మన సీమలో అది 28 డిగ్రీలకు అటునిటు. గుహాముఖము ఆకాశమువైపు తెరచుకొన్న గొయ్యి. అచ్చటినుండి దారి దిగి దిగి పాతాళగంగ యనుచోట 46 మీటర్ల లోతునకు చేరును. పుష్యమాసపు రాత్రి చల్లబడి బరువెక్కిన బయటి గాలి తనంతట గొయ్యిలోనికి జారి, లోని వెచ్చని గాలిని పైకి తోయును. వైశాఖ మధ్యాహ్నమున బయట 42 డిగ్రీలున్నప్పుడో, లోపలి గాలియే బరువు. అది యడుగుననే కూర్చుండును, బయటి తేలిక గాలి పైననే నిలుచును, రెండును కలియవు. సెలవులకు జనులు వచ్చు కాలముననే గుహ ఊపిరి బిగబట్టుచున్నదన్నమాట. తేమచే చెమట యారదు. చూపరులు విడిచిన బొగ్గుపులుసు వాయువు పోగగును. పైనుండి గాలి మార్గములు తొలువవలసి వచ్చినది యిందుకే.

తేమ గాలి బరువైనదనుట లోకమున నున్న మరియొక పొరపాటు. నీటియావిరి యణుభారము 18, గాలి సగటు 29. తేమ కలిసినకొలది గాలి తేలికయే యగును. గుహలో ఉష్ణోగ్రతా భేదము దానిని మించుటవలన మాత్రమే లోపలి గాలి యడుగున నిలుచుచున్నది.

మన రైతులు పాడుబావిలో దిగుటకు ముందు వేపమండలను త్రాటికి గట్టి పైకిని క్రిందికిని ఆడించుట మాడ్రిడ్ రైలు చేయు పనియే. దీపము దించి చూచుటయు కలదు. ఆరినచో ప్రాణవాయువు చాలదనుట నిజమే గాని, వెలుగుచున్నంత మాత్రమున క్షేమమనుకొనరాదు, కుళ్లిన బురదనుండి వెలువడు హైడ్రోజన్ సల్ఫైడును దీపము పట్టియీయదు. పూడిక తీయ దిగినవాడు పడిపోగా, వానిని రక్షింప దిగినవాడును పడిపోవు వార్తలు మనకు క్రొత్తవి కావు. విహారమునకు వచ్చువారికై గుహలోనికి గాలి పంపగలిగిన మనము, ఊరికొక గాలిపంకాను, బావి యడుగువరకు దిగు గొట్టమును సమకూర్పలేకపోవుట నాకు సహింపరాకున్నది.