ఐస్‌లాండ్ కుర్రాళ్లు మందు మానేసిన కథ

1990ల్లో శుక్రవారం రాత్రి ఐస్‌లాండ్ రాజధాని రెయిక్‌యావిక్ నడిబొడ్డున తిరగాలంటే పెద్దవాళ్లే జంకేవారు. తాగి తూలే కుర్రకారు గుంపులుగా ఎదురయ్యేది. 1998 సర్వేలో, గడిచిన నెలలో మత్తెక్కేలా తాగామని 15, 16 ఏళ్లవారిలో 42 శాతం మంది ఒప్పుకున్నారు. 2016కల్లా అది 5 శాతానికి దిగింది.

ఉపన్యాసాలతో వచ్చిన మార్పు కాదిది. 20 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదన్నారు. 13 నుంచి 16 ఏళ్లవారు చలికాలంలో రాత్రి పది దాటితే ఒంటరిగా బయట కనిపించకూడదు. ఆటలకు, సంగీతానికి సర్కారు సొమ్ము కుమ్మరించింది. రాత్రిళ్లు తల్లిదండ్రులే వంతులవారీగా వీధుల్లో గస్తీ తిరిగారు.

ఇంత పట్టుదల ఎందుకంటే, సమాధానం మెదడులో ఉంది. మజా కోరే భాగం టీనేజీలోనే జోరందుకుంటుంది. ‘ఇక చాలు’ అని ఆపే ముందుభాగం మాత్రం దాదాపు 25 ఏళ్లదాకా ఎదుగుతూనే ఉంటుంది. బ్రేకులు బిగించకముందే బండి రోడ్డెక్కినట్టు! అమెరికాలో 1990ల నాటి జాతీయ సర్వే ప్రకారం, 15 ఏళ్లలోపు తాగుడు మొదలెట్టినవారిలో సుమారు 40 శాతం ఎప్పుడో ఒకప్పుడు బానిసలయ్యారు. 20 దాటాక మొదలెట్టినవారిలో ఇది 10 శాతమే. తప్పంతా సీసాదే అనలేం. ఇంటి పరిస్థితులు, వంశపారంపర్యం కూడా తోడవుతాయి.

తెలుగు రాష్ట్రాల్లో మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. కాగితం మీద ఐస్‌లాండ్ కంటే ఒక ఏడాది కఠినమే. వయసు రుజువు చూపమనే కౌంటర్లు ఎన్నున్నాయో పాఠకులకే బాగా తెలుసు.