కాలిన మోటారు ఏం చెబుతుంది?

యాసంగి వరి పొట్ట మీద ఉండగా బావి మీది మోటారు కాలిందంటే, రైతు దాన్ని ఆటోలో వేసుకుని మండల కేంద్రంలోని వైండింగ్ షాపుకు పరుగెడతాడు. మెకానిక్ మాడిన రాగి తీగ పీకేసి కొత్తది చుట్టి ఇస్తాడు. రెండు నెలల్లో అదే మోటారు మళ్లీ షాపుకొస్తుంది. మొదటిసారి అది ఎందుకు కాలిందో ఎవరూ చూడలేదు మరి.

చూడాలంటే కావలసింది కన్నే. త్రీఫేజ్ మోటారులో కదలని భాగమైన స్టేటర్ గాడుల్లో మూడు జట్ల చుట్లుంటాయి, ఫేజుకొక జట్టు. వాటిలో కరెంటు ఒకదాని వెనుక ఒకటి పెరిగి తగ్గుతుంటే లోపలి అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది, తిరిగే భాగమైన రోటర్ దాని వెంటపడుతుంది. ఇప్పుడు ఫ్యూజు ఎగిరో, స్టార్టర్ కాంటాక్టు పాడయ్యో ఒక ఫేజు పోయిందనుకోండి. నడుస్తున్న మోటారు ఆగదు. నీళ్లూ వస్తూనే ఉంటాయి, అదే ప్రమాదం. స్టార్ కనెక్షన్ (మూడు జట్ల కొసలు ఒకచోట కలిసేది) అయితే మిగిలిన రెండు జట్లలో కరెంటు సుమారు 1.73 రెట్లవుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది మూడింతలు. మూత విప్పితే రెండు జట్లు బొగ్గులా, మూడోది కొత్తదానిలా కనిపిస్తుంది. డెల్టా కనెక్షన్‌లో (జట్లు త్రికోణంలా కలిసేది) ఇది తిరగబడుతుంది: ఒక జట్టు మాడి, రెండు బాగుంటాయి.

మూడూ సమానంగా నల్లబడితే ఫేజు పోలేదు. లో వోల్టేజీ అయినా, పంపు మీద మోయలేని బరువు పడినా అలా అవుతుంది. వోల్టేజీ తగ్గితే అంతే పని చేయడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది మరి. ఒకేచోట చిన్న మచ్చలా కాలిందా? చుట్టేటప్పుడు తీగ మీది ఎనామిల్ గీసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు నేరం లైనుది కాదు, మన మెకానిక్‌దే! (బోరులో దించే సబ్‌మెర్సిబుల్‌లో సాధారణంగా తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, నలుపుకు బదులు ఆ తొడుగు ఎక్కడ కరిగిందో చూడాలి.)

షాపుల్లో జరిగే ఇంకో పొరపాటు కంటికి ఆనదు. వార్నిష్‌తో బిగుసుకుపోయిన పాత తీగ ఊడటానికి స్టేటర్‌ను నేరుగా మంటలో పెడతారు. స్టేటర్ ఒకే ఇనుప ముద్ద కాదు, సుమారు అర మిల్లీమీటరు మందం రేకుల దొంతర. ఒక రేకు నుంచి ఇంకో రేకుకు కరెంటు పాకకుండా ప్రతిదాని మీదా పలుచని పూత ఉంటుంది. వేడి సుమారు 360 డిగ్రీలు దాటితే ఆ పూత చెడుతుంది. ఆ తర్వాత ఎంత మంచి రాగి చుట్టినా ఇనుములోనే సుడి కరెంట్లు పుట్టి మోటారు ఊరికే వేడెక్కుతుంది. తీగల ఇన్సులేషన్ తట్టుకునే వేడికన్నా పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాని ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క.

ఈ పని నేర్పే చోట్లు ఉన్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి పెట్టిన రుడ్‌సెట్ నమూనాలోనే నేడు దేశమంతటా బ్యాంకులు జిల్లాల్లో ఆర్‌సెటీలు (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు) నడుపుతున్నాయి. వాటి కోర్సుల్లో మోటారు రివైండింగ్ ఒకటి. గ్రామీణ యువతకు శిక్షణ, భోజనం, వసతి ఉచితం. నెల రోజుల్లో చేతికి పని వస్తుంది, సందేహం లేదు. చుట్ల లెక్క, గేజు, గాడి కాగితం, వార్నిష్ అన్నీ వస్తాయి. కంటికి చదువు రావాలంటే మాత్రం కాలిన మోటార్లు కనీసం ఒక ఇరవై విప్పి, ఒక్కోదాని కారణం రాసి చూపించాకే సర్టిఫికెట్ ఇవ్వాలని నా అభిప్రాయం. కారణం చెప్పగల మెకానిక్ వైండింగ్ కూలితో ఆగడు. స్టార్టర్ బాగుచేస్తాడు, సరైన ఓవర్‌లోడ్ రిలే బిగిస్తాడు, ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే ప్రివెంటర్ అమ్ముతాడు.

రైతన్నలకు ఒక మాట. ఈసారి మోటారు విప్పేటప్పుడు షాపులోనే నిలబడండి. ఎన్ని జట్లు నల్లబడ్డాయో చూసి, ఎందుకని అడగండి. తిరిగి తీసుకునే ముందు క్లాంప్ మీటరు పెట్టించి మూడు ఫేజుల కరెంటూ సమానంగా ఉందో లేదో చూసుకోండి.